గుంతలోంచి వినబడిన కీర్తన

నేనేం పని చేస్తానో చెబితే మా వైపు జనం ముందు నవ్వుతారు. ఓర్వకల్లు దగ్గర మా ఊళ్లో బిందె పట్టుకుని నీళ్ల ట్యాంకరు వెనకాల పరుగెత్తిన వాడు ఇప్పుడు నీళ్ల అడుగుకు దిగి బతుకుతున్నాడంటే నవ్వరా మరి. "మన సీమలో మునిగేదానికి నీళ్లు యాడుండాయప్పా?" అని కర్నూలు బస్సులో ఒకాయన అడిగాడు. నాకు కోపం త్వరగా వస్తుంది, బస్సులో ఇంకా త్వరగా వస్తుంది. నీళ్లున్నాయి. కంటికి కనబడేచోట లేవు, అంతే. ఆనకట్టల గేట్ల కింద ఉన్నాయి, మూతపడిన గనుల్లో ఉన్నాయి, రాయి తవ్వుకుని వదిలేసిన గుంతల్లో ఉన్నాయి. వాటికి మెట్లుండవు, రేవుండదు, ఆడుకునే పిల్లలుండరు. అలాంటి నీళ్లలోనే మాకు పని.

మాకు అంటే ముగ్గురికి. మా బావ, మా అక్క, నేను. బావ పెళ్లికి ముందు సముద్రం వైపు పోయి ఓడల అడుగున పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చి మా అక్కను చేసుకుని, రాళ్లు కొట్టే మా నాయన పనిలో దిగబోయిన నన్ను లాక్కుపోయి వీపుకు గాలి సిలిండరు కట్టించాడు. ఇద్దరం నీళ్లలో దిగుతాం. అక్క పైన తెప్ప మీద కూర్చుంటుంది. దిగినవాడి నడుముకు తాడు, ఆ తాడు వెంబడే ఒక వైరు. ముఖమంతా కప్పే మాస్కులో మాట్లాడితే ఆ వైరు గుండా అక్క ముందున్న స్పీకరు పెట్టెలో వినబడుతుంది, ఆ పెట్టెలో అక్క మాట్లాడితే కింద మాకు వినబడుతుంది. గేటుకు అడ్డం పడిన మొద్దులు తీయడం, మునిగిపోయిన మోటార్లకు గొలుసు కట్టి పైకి పంపడం, ఇదే మా బతుకు.

లోతు అంటే జనం చీకటికి భయపడతారు, ఊపిరి ఆడదేమోనని భయపడతారు. నేను కూడా మొదట్లో వాటికే భయపడ్డాను. బావ నన్ను భయపెట్టింది వేరే దానితో. మనం పీల్చే గాలిలో నత్రజని ఉంది కదా, అది నేల మీద ఉన్నంతసేపు మనల్ని ఏమీ చేయదు. నూరడుగుల లోతు దాటాక అదే గాలి తలకెక్కుతుంది. సారాయి తాగినట్టే ఎక్కుతుంది. మా ఇంట్లో మూడు తరాలుగా సారాయి ముట్టినవాళ్లు లేరు. మాది పాతకాలం నాటి క్రైస్తవ సంఘం. తాగినవాడిని గుడి మెట్టు కూడా ఎక్కనివ్వరు. అందుకే మా అక్కకు ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు ఆమె, "తాగకుండానే తాగినోళ్లయితారా?" అని అడిగింది. బావ నవ్వాడు. అక్క నవ్వలేదు.

ఆ మత్తుకు మేము పెట్టుకున్న జాగ్రత్తలు చాలా ఉన్నాయి. నెమ్మదిగా దిగాలి. నిద్ర చాలకపోతే ఆ రోజు దిగకూడదు. కింద చేయాల్సిన పని ఒక్కటే ఉండాలి, దాన్ని ముందుగా గట్టు మీద పదిసార్లు చేసి చూసుకోవాలి. "కింద చేతులు పని చేస్తాయప్పా, తల చెయ్యదు. చేతులకు నేర్పించుకో," అనేవాడు బావ. మధ్యలో లోతు, గాలి చూపే గేజీలు చూసి అంకెలు పైకి చెబుతూ ఉండాలి. వీటన్నిటికంటే పెద్దది ఒకటుంది. ఉన్నట్టుండి హాయిగా అనిపిస్తే ఆ క్షణమే పైకి రావాలి. ఇరవై ముప్పై అడుగులు పైకి వస్తే చాలు, మత్తు దిగిపోతుంది. తలనొప్పి ఉండదు, తూలడం ఉండదు. వచ్చిన జాడే ఉండదు. నాకు ఎక్కువ భయం వేసింది అందుకే. జాడ వదలని దాన్ని ఎవరైనా ఎలా పట్టుకుంటారు?

పట్టుకునే ఉపాయం మా అక్క చెప్పింది. అక్క పెళ్లికి ముందు మా గుడిలో ఆదివారం బడి నడిపేది. పిల్లలందరికీ బైబిల్లోని ఒక కీర్తన కంఠస్థం చేయించేది. నేను కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఒక్క మాట తప్పిపోతే తొడపాశం పెట్టేది, తమ్ముడని కనికరం లేదు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పాలి, అదీ ఆమె లెక్క. బావ ఊళ్లో కూడా అదే కీర్తన, అక్కడా తొడపాశాలే. "లోతుకు పోయినాక నేనడుగుతా. తప్పు లేకుండా అప్పజెప్పినారంటే బుర్ర నిమ్మళంగా ఉన్నట్టు. తప్పు పోయిందంటే లాగేస్తా," అంది. మా ఇద్దరికీ అది గొప్పగా నచ్చింది. దేవుని మాట మాకు కాపలా ఉన్నట్టు కూడా అనిపించింది. తాగినోడి నోట్లో ఆ మాటలు సక్రమంగా రావని మేము పుట్టినప్పటి నుంచి నమ్ముతూ వచ్చాం. వేరే ఎవరైనా అయితే ఆ పరీక్ష పెట్టుకునేవాళ్లు కాదేమో.

అలా చాలా పనులు చేశాం. పెట్టెలోంచి బావ గొంతు కీర్తన చెబుతుంటే అక్క పెదాలు కూడా కదిలేవి. చివరి మాట అయ్యాక తల ఊపి, వేడి టీ గ్లాసు అందుకునేది. ఆమె టీ తాగిందంటే కింద అంతా క్షేమమని నేను కూడా కాళ్లు చాపుకునేవాణ్ణి.

కడప వైపు ఆ గుంత పని వచ్చింది ఎండాకాలంలో. ముగ్గురాయి తవ్విన గని. తుఫాను వానకు నిండిపోయి, పనులు ఆగి, మనుషులు వెళ్లిపోయిన గని. అడుగున పెద్ద నీటి పంపు ఒకటి మునిగిపోయి ఉంది. దానికి గొలుసు కట్టి ఇస్తే క్రేనుతో పైకి తీసుకుంటామన్నారు. గుంత అంచున నిలబడి కిందికి చూశాను. చుట్టూ తెల్లటి రాతి గోడలు, కళ్లు చెదిరే ఎండ, మధ్యలో నీళ్లు. గాలికి అల లేదు. చేప లేదు, కొంగ లేదు, నీటి మీద పురుగు కూడా లేదు. గోడ నుంచి చిన్న రాయి జారి నీళ్లలో పడితే ఆ చప్పుడు నాలుగు గోడలు తిరిగి మా దగ్గరికే వచ్చింది. నాకు ఆ చోటు నచ్చలేదు. పని చోటు నచ్చడానికి అదేమన్నా పెళ్లిచూపులా అని నన్ను నేనే కసురుకున్నాను.

తాడు వేసి చూస్తే నూట నలభై అడుగులు తేలింది. అంత లోతులో మేము అంతకుముందు పని చేయలేదు. బావ తానే దిగుతానన్నాడు. పని ఒక్కటే. తూర్పు గోడ పక్కన ఉన్న పంపుకు గొలుసు రెండు చుట్లు చుట్టి, కొక్కెం తగిలించి, దాని నోరు మూసే నాలుక పడిందో లేదో వేలితో చూసి, "ఎత్తండి" అని చెప్పాలి. చేతులకు నేర్పించాలి కదా. తెప్ప మీద పంపంత లావుది ఏదీ లేదు. గొలుసు క్రేను దగ్గర ఉంది. బావ ఒక తాడు తీసుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన నడుముకే రెండు చుట్లు చుట్టుకుని, కొక్కెం తగిలించుకుని, నాలుక చూసుకున్నాడు. విప్పాడు. మళ్లీ చుట్టుకున్నాడు. అలా చాలాసార్లు చేశాడు. నేను పక్కనే కూర్చుని చూస్తూ, "నడుము సన్నబడింది బావా," అని వేళాకోళం కూడా చేశాను.

బావ దిగాడు. క్రేను తీగ చివర గొలుసు కూడా తూర్పు గోడ పక్కన ఆయన వెంటే దిగింది. అక్క తాడు వదులుతూ పోయింది. నేను సిలిండరు కట్టుకుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, అవసరమైతే దూకడానికి తయారుగా కూర్చున్నాను. పైన వీపు కాలిపోతోంది. కింద పాదాలు జివ్వుమంటున్నాయి. పెట్టెలోంచి బావ గొంతు లోతు అంకెలు చెబుతూ పోయింది. నూరు దాటాక అంకెల మధ్య ఎడం పెరిగింది.

"గాలి ఎంతుండాది?" అని అక్క అడిగింది.

"శానా ఉండాది," అన్నాడు బావ.

అంకె చెప్పలేదు. నేను అక్క వైపు చూశాను. ఆమె కూడా గమనించింది. "కీర్తన చెప్పు," అంది.

బావ అప్పజెప్పాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మామూలుగా ఆయనకు మూడో వచనం దగ్గర ఒక తడబాటు ఉంది, అక్క ఎన్నిసార్లు దిద్దినా పోలేదు. ఆ రోజు అది కూడా లేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ లేపాలో అక్కడ గొంతు లేపి, చిన్నపిల్లవాడు బహుమానం కోసం చెప్పినట్టు చెప్పాడు. అక్క ముఖం విప్పారింది.

"అయిపాయె. కట్టేసినా. ఎత్తమను," అని పెట్టెలోంచి వినబడింది.

క్రేను గుంత అంచున ఉంది. డ్రైవరుకు సైగ అక్క చెయ్యి. ఆమె చెయ్యి ఎత్తితే గొలుసు లేస్తుంది. ఆమె కుడి చెయ్యి లేవబోయింది. అప్పుడు నేను నీళ్ల వైపు చూశాను. బావ వదిలే గాలి బుడగలు తూర్పు గోడ పక్కన పైకి రావాలి. అక్కడ నీళ్లు కదలడం లేదు. బుడగలు గోడకు దూరంగా, గుంత నడిమికి వస్తున్నాయి. క్రేను తీగ కూడా నిటారుగా లేదు, బుడగల వైపు వాలి ఉంది.

నేను అక్క చెయ్యి పట్టుకుని కిందికి లాగాను.

"ఏమప్పా? తప్పు లేకుండా అప్పజెప్పినాడు కదా," అంది, కొంచెం కోపంగానే.

"బుడగలు చూడక్కా. పంపు ఆడ లేదు."

"యాడుండావు? పంపు కాడనే ఉండావా?" అని అక్క పెట్టెలో అడిగింది. జవాబుగా కీర్తన మొదలైంది. ఈసారి ఎవరూ అడగలేదు.

నేను మాస్కు వేసుకుని బావ తాడు పట్టుకుని దిగాను. వైరు ఒక్కటే ఉంది, అది బావ దగ్గర ఉంది కాబట్టి నేను పైకి ఏమీ చెప్పలేను. దిగుతూ ఒక్క మాటే తలలో పెట్టుకున్నాను: బావను పైకి. బావను పైకి. ఆకుపచ్చ నీళ్లు దాటాయి, తర్వాత నలుపు. దీపం వెలుగులో తాడు ఒక్కటే కనబడుతోంది. నూరు దాటాక చెవుల్లో సన్నగా రొద మొదలైంది. భయం పోయింది. అది పోయినందుకు భయపడాలని గుర్తుంది, కాని భయం రాలేదు.

బావ గుంత నడిమిలో, అడుగున బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. గొలుసు నడుముకు రెండు చుట్లు చుట్టి ఉంది. కొక్కెం తగిలించి ఉంది. దాని నాలుక పడిందో లేదో వేలితో చూసుకుంటున్నాడు. మాస్కు లోపల పెదాలు కదులుతున్నాయి. నన్ను చూసి నవ్వాడు, ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు.

అప్పుడు నాకేమనిపించిందో చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు. గొలుసు చక్కగా కట్టాడు అనిపించింది. రెండు చుట్లు, కొక్కెం, నాలుక. ఏ తప్పూ లేదు, ఇక ఎత్తవచ్చు. నేను కూడా తల ఊపాను. ఎంతసేపు అలా చూస్తూ నిలబడ్డానో తెలియదు. పైన క్రేను ఎత్తి ఉంటే అంత లోతు నుంచి మనిషి ఒక్క ఊపున పైకి పోయేవాడు, రొమ్ములో గాలి ఉబ్బి లోపలే పగిలిపోయేవాడు. అది నాకు ముందూ తెలుసు, తర్వాతా తెలుసు. ఆ క్షణం మాత్రం తెలియలేదు. బతికించింది తల కాదు. బావను పైకి, బావను పైకి అని లోపల గొణుగుడు ఆగలేదు. ఆ గొణుగుడుకు నా చేతులు కదిలి కొక్కెం విప్పాయి. బావ నా చేతులు తోసేశాడు, పని చెడగొడుతున్న వాడిని తోసినట్టు. నేను గొలుసు జార్చి, ఆయన చంకల కింద చెయ్యి వేసి, కాళ్లు కొట్టాను.

కొంత పైకి వచ్చాక ఆయన కళ్లు మారడం దీపం వెలుగులో చూశాను. నవ్వు పోయింది. ఎందుకు పైకి తీసుకుపోతున్నావని చేతులతో అడిగాడు. ఎక్కడ ఆగాలో అక్కడ తాడు పట్టుకుని ఇద్దరం ఆగాం. పైన వెలుగు కనబడుతున్నా, ఒంట్లో చేరిన నత్రజని మెల్లగా బయటికి పోయేదాకా ఇంకా పోకూడదు. ఆ ఆగడం నా బతుకులో అన్నింటికంటే పొడవైనది.

తెప్ప మీద బావ నమ్మలేదు. "పంపుకే కట్టినానప్పా. చెయ్యి పెడితే నాచు జారింది కూడా. నాకు బాగా గుర్తుండాది. నీకే ఎక్కింది," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చేవాణ్ణి లాక్కొచ్చి మాట పడాలా? గట్టిగా అరిచాను. ఆయన అరవలేదు. జాలిగా చూశాడు, దానితో ఇంకా మండింది.

అక్క మా ఇద్దరి మాటా వినడం లేదు. తన కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాని వైపే చూస్తోంది. "ఎత్తేసేదాన్ని," అంది. "నిద్దర్లో కూడా తప్పు పోకూడదని నేర్పించినారు మాకు. నేనూ అట్లనే నేర్పించినా. నిద్దర్లోనే చెప్పినాడు," అంది.

ఆ రోజుతో కీర్తన పరీక్ష ఆగిపోయింది. నోటికి వచ్చింది అడగకూడదు, అప్పటికప్పుడు తల వెతుక్కుని చెప్పాల్సింది అడగాలి. పొద్దున ఏం తిన్నావు, నిన్న గుడిలో నీ పక్కన ఎవరు కూర్చున్నారు, ఇలాంటివి. ప్రతిసారీ కొత్తది. జవాబుకు పొంతన లేకపోతే తాడు లాగేయడమే.

నాలుగు రోజుల తర్వాత నేను దిగాను. బావను దిగనివ్వలేదు. నాకు పట్టుదల కూడా ఉంది, మత్తు ఎవరికి ఎక్కిందో తేలుతుందని. ఈసారి వైరున్న మాస్కు నాది. బావ తెప్ప మీద సిలిండరు కట్టుకుని కూర్చున్నాడు.

నాకు అంతా స్పష్టంగా గుర్తుంది. అడుగుకు చేరాను. తూర్పు గోడ. పంపు. చెయ్యి పెడితే నాచు జారింది. గొలుసు చేతిలోకి తీసుకున్నాను. అక్క గొంతు వచ్చింది. "ఏమప్పా, పొద్దున ఏం తిన్నావు?"

నవ్వొచ్చింది. "జొన్నరొట్టె, ఊరిబిండి. రెండే పెట్టినావు, మూడోది అడిగితే లేదంటివి," అన్నాను. నా గొంతు నాకు వినబడింది. తల ఎంత తేటగా ఉందంటే, ఇది బావకు చెప్పాలి, ఇలా ఉండాలి కింద, అని కూడా అనుకున్నాను. గొలుసు మొదటి చుట్టు వేయబోతుంటే నడుము దగ్గర తాడు బిగిసింది. పైకి లాగేస్తున్నారు. ఆపమని అరిచాను. ఆపలేదు. గొలుసు చేతిలోంచి జారిపోయింది.

ఆగాల్సిన చోట మాత్రం ఆపి పైకి తెచ్చారు. మాస్కు తీయకముందే మొదలుపెట్టాను. చేతికందిన పని పాడుచేశారని, పిరికితనంతో బతుకు ఎలా సాగుతుందని, నోటికి ఏది వస్తే అది. అక్క నా మాస్కు తీసి, రెండు చేతులతో నా ముఖం పట్టుకుని కళ్లలోకి చూసింది. మాట్లాడింది బావ.

"నువ్వు రొట్టె మాటే ఎత్తలేదప్పా. కీర్తన అప్పజెప్పినావు."

"అబద్ధం."

"మొదటి నుంచి తుదిదాకా. తప్పు పోలేదు."

నేను అక్క వైపు తిరిగాను. నన్ను పెంచిన మనిషి, నా చిన్నప్పటి నుంచి నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. ఆమె తల ఊపింది. "మూడుసార్లడిగినా. మూడుసార్లూ అదే చెప్పినావు," అంది. అప్పుడు ఏడ్చింది.

బావ ముఖంలో గెలిచినట్టు ఏమీ లేదు. నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "పంపు చూసినావా?" అని మెల్లగా అడిగాడు.

"చూసినా."

"నాచు జారిందా?"

"జారింది."

"నాక్కూడా," అన్నాడు. ఇద్దరం నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాం. ఆ పంపు మీద నాచు ఉందో లేదో చెప్పగలిగిన వాడు మా ఇద్దరిలో ఎవడూ లేడు.

ఆ పని మానేశాం. పంపు ఇంకా ఆ గుంతలోనే ఉంది. ఇప్పుడు లోతు తక్కువ పనులే ఒప్పుకుంటున్నాం. మత్తు గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. కింద నీ తలను నీ తలతో కొలవకు, పైన ఒక మనిషిని పెట్టుకో, ఆ మనిషి మాటకు ఎదురు చెప్పకు.

ఆదివారం గుడిలో ఒక్కోసారి సంఘమంతా లేచి ఆ కీర్తన చెబుతుంది. ఆడవాళ్ల వైపు అక్క నిలబడి ఉంటుంది. ఆమె పెదాలు కదలవు. కుడి చెయ్యి పిడికిలి బిగించి, ఏదో లాగబోతున్నట్టు రొమ్ముకు అదిమిపెట్టుకుని ఉంటుంది. బావ చెబుతాడు, నేను చెబుతాను, ఒక్క తప్పూ పోదు. ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకునే చోట ఆమె నా దగ్గరికి వస్తుంది. చుట్టూ జనం ఉన్నా లెక్కచేయదు.

"ఏమప్పా, పొద్దున ఏం తిన్నావు?"

నేను చెబుతాను. చెప్పి, నా నోట్లోంచి వచ్చింది అదేనో కాదో తెలుసుకోవడానికి ఆమె ముఖం వైపు చూస్తాను.